మండువాలో వెలుగు, వసారాలో చీకటి: కోనసీమ ఇంట్లో ఒక హెచ్‌డీఆర్ కేస్ స్టడీ

అమలాపురం దగ్గర ఒక ఊళ్ళో పాత మండువా లోగిలి ఉంది. ఇంటివాళ్ళు దాన్ని హోమ్‌స్టేగా మారుస్తూ, లోపలి ఫొటోలు తొమ్మిది కావాలని నన్ను పిలిచారు. టేకు స్తంభాలు, ఎర్ర గచ్చు, మధ్యలో ఆకాశానికి తెరుచుకున్న మండువా, చుట్టూ నాలుగు వసారాలు, ఒక వసారాలో ఉయ్యాల బల్ల. మే నెల చివర ఒక రోజు ఉదయం పదకొండున్నరకు అక్కడికి చేరాను. రెండు గంటల్లో షూట్ అయిపోయింది. నాలుగో రోజు ఫొటోలు పంపాను.

ఆ సాయంత్రమే ఇంటాయన ఫోన్ చేశారు. "ఫొటోలు బాగున్నాయండి, కానీ మా ఇల్లులా లేదండి" అన్నారు. వెనక నుంచి వాళ్ళమ్మగారి గొంతు వినపడింది. "పట్టపగలు కూడా ఆ వసారాలో దీపం పెట్టుకునేవాళ్ళం కదరా, అంత వెలుగు ఎక్కణ్ణుంచి వచ్చింది?"

ఆవిడ మాట నిజం. ఆ రాత్రి ఫైళ్ళు మళ్ళీ తెరిచి కూర్చున్నాను. మళ్ళీ వెళ్ళి తీస్తానని పొద్దున్నే ఇంటాయనకు చెప్పాను, రెండోసారికి డబ్బు తీసుకోనని కూడా. మొదటిసారి ఏం జరిగిందో, రెండోసారి ఏం మార్చానో అంకెలతో సహా రాస్తున్నాను. ఇళ్ళు, గుళ్ళు, హోటళ్ళ లోపలి ఫొటోలు తీసేవాళ్ళకు ఇది రోజూ ఎదురయ్యే చిక్కే.

ముందు ఆ ఇంట్లో వెలుగు ఎంతుందో చూద్దాం. దక్షిణ వసారాలో నిలబడి మండువా మీదుగా ఎదుటి వసారా వైపు చూసే ఫ్రేమ్ అది, తొమ్మిదింటిలోకీ ముఖ్యమైనది. ఐఎస్ఓ (సెన్సర్ సున్నితత్వం) 100, ఎపర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్ 8 పెట్టి, ఒక్క చిన్న చోటు వెలుగునే కొలిచే స్పాట్ మీటర్‌తో చూశాను. ఎండ పడుతున్న సున్నపు గోడ దగ్గర 1/2000 సెకను (షట్టర్ తెరిచి ఉంచాల్సిన సమయం) చూపించింది. వసారా మూల, ఉయ్యాల బల్ల కింద 2 సెకన్లు. ఈ రెంటికీ మధ్య పన్నెండు స్టాపులు. ఒక్కో స్టాప్‌కూ వెలుగు రెట్టింపు అవుతుంది కాబట్టి ఎండలోని గోడ బల్ల కింది నీడ కన్నా సుమారు నాలుగు వేల రెట్లు ప్రకాశంగా ఉందన్నమాట. మంచి ఫొటో పేపర్ మీద పూర్తి తెలుపుకీ పూర్తి నలుపుకీ మధ్య దొరికేది ఆరేడు స్టాపులు. పన్నెండు స్టాపుల ఇంటిని ఆరేడు స్టాపుల కాగితం మీదకి దించాలి. హెచ్‌డీఆర్ (హై డైనమిక్ రేంజ్, అంటే వెలుగు ఎక్కువ తక్కువలుగా తీసిన ఫ్రేములను ఒకే ఫొటోగా కలపడం) పని మొత్తం ఇంతే. ఎక్కడ ఎంత కుదించాలో తేల్చుకోవడమే అందులో కష్టం.

మొదటిసారి నేను అదే దృశ్యాన్ని ఏడు ఎక్స్‌పోజర్లతో, అంటే లోపలికి వచ్చే వెలుగును మారుస్తూ, ఏడు ఫ్రేములుగా తీశాను. 1/2000తో మొదలుపెట్టి రెండేసి స్టాపులు పెంచుకుంటూ 2 సెకన్ల దాకా. వాటిని కలిపి, హైలైట్స్ (వెలుగు భాగాలు) పూర్తిగా కిందికి, షాడోస్ (నీడలు) పూర్తిగా పైకి లాగి, క్లారిటీ (గరుకుదనాన్ని ఎత్తి చూపే స్లైడర్) 60 దాకా పెంచాను. ప్రతి స్తంభం చెక్కడం, ప్రతి పెంకు, గోడ మీద ఫొటోల్లో ముఖాలు, అన్నీ కనిపించాయి. అన్నీ కనిపించడమే మంచి ఫొటో అనుకున్నాను.

ఇప్పుడు అదే ఫొటోను నూరు శాతం జూమ్‌లో చూస్తే మూడు సంగతులు బయటపడ్డాయి.

చూరు అంచు వెంట, వాసాల చివర్లు ఆకాశాన్ని తాకే చోట, వేలెడు వెడల్పున తెల్లటి గీత ఉంది. దీన్నే హాలో అంటాం. సాఫ్ట్‌వేర్ ప్రతి చోటునీ దాని ఇరుగుపొరుగుతో పోల్చి వెలుగు తగ్గిస్తుంది, పెంచుతుంది. ఆకాశం మధ్యలో ఇరుగుపొరుగంతా ఆకాశమే కాబట్టి బాగా తగ్గించేస్తుంది. చూరు పక్కన మాత్రం చీకటి వాసాలు లెక్కలోకి వచ్చి సగటు పడిపోతుంది. దాంతో అక్కడి ఆకాశాన్ని అంతగా తగ్గించదు. ఆ మిగిలిపోయిన వెలుగే చూరు చుట్టూ మెరుపులా కనిపిస్తుంది.

రెండోది ఎర్ర గచ్చు. ఏళ్ళ తరబడి కాళ్ళు తిరిగి తిరిగి నున్నబడిన ముదురు ఎరుపు అది, కాఫీ గింజ రంగుకు కాస్త దగ్గర. నా ఫొటోలో అది నారింజ రంగులోకి వెళ్ళింది. నీడలను గట్టిగా పైకి లాగినప్పుడు వెలుగుతో పాటు రంగు కూడా చిక్కబడుతుంది. దాని మీద నేను రంగుల గాఢత పెంచే వైబ్రెన్స్ కూడా పెంచాను.

మూడోది అన్నిటికన్నా పెద్ద తప్పు. మండువా వైపు గోడకీ వసారా లోపలి గోడకీ వేసింది ఒకే సున్నం. ఎండలో ఉన్న గోడ ఎక్కువ తెల్లగా, లోపలి గోడ మసగ్గా ఉండాలి. ఫొటోషాప్‌లో నూరుకి లెక్కేసే వెలుగు కొలతతో చూస్తే మండువా గోడ 58 ఉంది, లోపలి గోడ 63 ఉంది. లోపల బయటికన్నా వెలుగు! ఇంటాయన వాళ్ళమ్మగారు, ఆ మామ్మగారు పట్టుకున్నది సరిగ్గా దీన్నే. ఆవిడకు హిస్టోగ్రామ్ (ఫొటోలోని వెలుగుల లెక్క చూపే గ్రాఫ్) తెలియదు. ఆ ఇంట్లో ఏ వేళకు ఎక్కడ చీకటి పడుతుందో మాత్రం పుట్టెడు తెలుసు.

ఈ కేసులో నేను నేర్చుకున్న ఒకే ఒక్క సూత్రం ఇక్కడిది: వెలుగుల మధ్య దూరాన్ని తగ్గించవచ్చు, వరసను మాత్రం తారుమారు చెయ్యకూడదు. మండువా, దాని అంచున గచ్చు, వసారా గోడ, ఉయ్యాల కింద నీడ. ఇంట్లో ఈ నాలుగూ ఏ వరసలో మసకబారుతూ వస్తాయో ఫొటోలోనూ అదే వరసలో రావాలి. పన్నెండు స్టాపులు ఏడు కావచ్చు. మెట్లు పొట్టివి కావచ్చు. కానీ పై మెట్టు కిందికి, కింది మెట్టు పైకి పోతే చూసేవాళ్ళకు కారణం తెలియకపోయినా ఏదో తేడాగా ఉందని తెలిసిపోతుంది.

కన్ను ఇవన్నీ ఒకేసారి చూస్తుంది కదా, ఫొటోలో మాత్రం ఎందుకు చూపించకూడదు అని కొత్తగా నేర్చుకునే పిల్లలు అడుగుతుంటారు. కన్ను ఒకేసారి చూడదు. మండువా కేసి చూసినప్పుడు కనుపాప చిన్నదవుతుంది, వసారా మూల కేసి తిరిగితే కాసేపటికి అలవాటు పడుతుంది. ఎండలోంచి గడప దాటి లోపలికి వచ్చిన వెంటనే ఏమీ కనపడక, తర్వాత మెల్లగా గాదె, మంచం, గోడ మీద ఫొటోలు ఒక్కొక్కటే తేలడం మనందరికీ తెలిసిందే. ఆ ఇళ్ళ చల్లదనంలో సగం ఆ చీకటిదే. దాన్ని చెరిపేస్తే మే నెల ఎండలో ఆ ఇల్లు ఎందుకు హాయిగా ఉంటుందో ఫొటో చెప్పలేదు. హోమ్‌స్టేకి వచ్చేవాళ్ళకు అమ్మేదే ఆ హాయి.

ఇది కొత్త సమస్యేమీ కాదు. 1850లలో ఫ్రాన్స్‌లో గుస్తావ్ లెగ్రే సముద్రం ఫొటోలకు ఆకాశానికొక నెగటివ్, నీళ్ళకొక నెగటివ్ వేరుగా వాడాడు. అప్పటి ప్లేట్లు నీలి వెలుగుకు మరీ ఎక్కువగా స్పందించేవి కాబట్టి ఆకాశం తెల్లగా కాలిపోయేది. 1997లో డెబెవెక్, మాలిక్ అనే ఇద్దరు వేర్వేరు ఎక్స్‌పోజర్ల నుంచి దృశ్యంలోని అసలు వెలుగు విలువలను లెక్కగట్టే పద్ధతి ప్రచురించారు. ఇవాళ మనం చేసే హెచ్‌డీఆర్‌కి అది పునాది. 2007లో మెర్టెన్స్, అతని తోటివాళ్ళు ఎక్స్‌పోజర్ ఫ్యూజన్ తెచ్చారు. అది వెలుగు విలువల జోలికి పోకుండా, ప్రతి ఫ్రేములోనూ బాగా వచ్చిన భాగాలను ఏరి కలుపుతుంది. ఫ్యూజన్ ఫలితం మామూలుగా టోన్ మ్యాపింగ్ (లెక్కగట్టిన వెలుగు విలువలను కాగితానికో స్క్రీన్‌కో సరిపడేలా కుదించడం) కన్నా సహజంగా ఉంటుంది. అయితే వరస చెడగొట్టే గుణం దానికీ ఉంది, ఎందుకంటే అది ప్రతి చోటా మధ్యస్థమైన వెలుగునే ఇష్టపడుతుంది.

రెండోసారి వెళ్ళినప్పుడు మార్చిన వాటిలో ముఖ్యమైనది సాఫ్ట్‌వేర్ కాదు, వేళ. మామ్మగారినే అడిగాను, "మండువాలోకి ఎండ ఎప్పుడు దిగుతుందండీ?" అని. "ఎనిమిదిన్నర దాటాక పడమటి గోడ మీద పడుతుంది బాబూ, పదకొండుకి గచ్చంతా కాలిపోతుంది. నువ్వు ముగ్గు వేసే వేళకి రా" అన్నారు. ముందు రోజు రాత్రి అమలాపురంలో ఉండి, ఆరింటికల్లా చేరాను.

ఆరున్నరకు అదే ఫ్రేమ్, అవే సెట్టింగులతో కొలత: మండువా గోడ 1/60, ఉయ్యాల బల్ల కింద 4 సెకన్లు. ఎనిమిది స్టాపులు. పన్నెండు ఎనిమిదికి దిగాయి. నాలుగు వేల రెట్ల తేడా కాస్తా రెండు వందల యాభై చిల్లర అయింది. ఏ స్లైడరూ ఇంత పని చెయ్యదు.

ఇంకొక చిన్న మార్పు. మొదటిసారి ట్రైపాడ్ నడుము ఎత్తున పెట్టాను. అప్పుడు దగ్గరి చూరు కింద నుంచి ఎదుటి కప్పు పైన ఆకాశం ముక్క ఒకటి ఫ్రేములో పడింది. ఈసారి ట్రైపాడ్ అడుగున్నర పెంచి, కెమెరాను మట్టంగా ఉంచాను. దగ్గరి చూరు ఆకాశాన్ని కప్పేసింది. హాలో వచ్చే అవకాశం అక్కడే చాలావరకు పోయింది. ఎదుటి పెంకుల కప్పు, దాని కింద గోడ, గచ్చు మాత్రం మిగిలాయి. గుడి మండపాల్లో కూడా ఇది పనికొస్తుంది. ఆకాశం కనిపించి తీరాల్సిన అవసరం లేని ఫ్రేముల్లో దాన్ని ముందే తప్పిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇంట్లో లైట్లన్నీ ఆర్పించాను. మొదటిసారి వంటింట్లో ట్యూబ్‌లైట్ వెలుగుతోంది, ద్వారం అంచున ఆకుపచ్చ చాయ పడింది. నీడలు ఎత్తాక ఆ చాయ గోడంతా పాకింది. లైటు కూడా ఫొటోలో భాగం కావాలంటే దానికి వేరే ఫ్రేమ్ తీసుకోవడం మేలు.

ఐదు ఎక్స్‌పోజర్లు తీశాను: 1/60, 1/15, 1/4, 1 సెకను, 4 సెకన్లు. ఎపర్చర్ కదల్లేదు, ఐఎస్ఓ కదల్లేదు, ఫోకస్ మాన్యువల్, వైట్ బ్యాలెన్స్ (తెలుపు ఏ చాయలో రావాలో తేల్చేది) కూడా ఒకటే. షట్టర్ ఒక్కటే మారింది. చివరికి కలిపింది మూడింటినే: 1/15, 1/4, 1 సెకను. లెక్క ఇలా ఉంది. మీటర్ ఏ చోటుకు ఏ అంకె చెప్పినా, ఆ చోటును మధ్యస్థమైన బూడిద రంగుగా మార్చే ఎక్స్‌పోజర్ అది. సున్నపు గోడను నేను బూడిదగా మార్చుకోవాలనుకోను కదా. 1/60 చెప్పిన గోడను 1/15తో తీస్తే రెండు స్టాపులు పైకి పోయి తెల్లగా వస్తుంది, అయినా రా (RAW, కెమెరా దిద్దని అసలు ఫైలు) ఫైల్‌లో గీతలు, పగుళ్ళు నిలుస్తాయి. అలాగే 4 సెకన్లు చెప్పిన నీడను 1 సెకనుతో తీస్తే రెండు స్టాపులు కిందికి వెళ్ళి నీడగానే ఉంటుంది, గ్రెయిన్ లేకుండా. 4 సెకన్ల ఫ్రేమ్ చీకటిని మధ్యాహ్నంలా మారుస్తుంది. చీకటిగా ఉంచాలనుకున్న చోటుకు అది అక్కర్లేదు. బ్రాకెట్‌లో (ఇలా ఎక్స్‌పోజర్ మారుస్తూ వరసగా) తీసిన ప్రతి ఫ్రేమునీ కలపాలనే నియమం ఎక్కడా లేదు.

మండువా మధ్యలో తులసి కోట ఉంది. ఆ గంటలో గాలి పెద్దగా లేకపోయినా ఆకులు కదిలాయి, 1 సెకను ఫ్రేములో మొక్క పొగలా వచ్చింది. పైగా ఒక కోడి ఫ్రేముకి అడ్డంగా నడిచింది. దాన్ని మాత్రం సాఫ్ట్‌వేర్‌లోని ఘోస్ట్ తొలగింపు (డీఘోస్ట్, ఫ్రేముల మధ్య కదిలినవాటిని చెరిపేసేది) తేలిగ్గానే తీసేసింది. తులసిని దానికి వదల్లేదు. డీఘోస్ట్ తక్కువలో పెట్టి కలిపాక, 1/15 ఫ్రేమ్‌ను ఫొటోషాప్‌లో పైన పరిచి, వెలుగు సరిచేసి, తులసి వరకే కనబడేలా మాస్క్ గీసి దించాను. ఆకు ఆకుగా నిలిచింది.

లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో కలిపేటప్పుడు ఆటో సెట్టింగులు తీసేశాను. ఆటో ఉంటే మొదటి చూపులోనే ఫొటో అంతా ఒకే వెలుగులో కనబడుతుంది, అక్కడి నుంచి కన్ను వెనక్కి రాదు. వచ్చిన ఫైలు చప్పగా, చీకటిగా ఉంది. అది మంచిదే. హైలైట్స్ మైనస్ 35, షాడోస్ ప్లస్ 20, బ్లాక్స్ మైనస్ 8. క్లారిటీ ముట్టుకోలేదు. ఇంతకుముందు నాలుగో వంతు సమయం క్లారిటీ మీదే పెట్టేవాణ్ణి. గరుకుదనం కావాల్సింది టేకు స్తంభం అడుగున ఉలి గుర్తుల మీద ఒక్కచోటే, అక్కడ మాత్రం బ్రష్‌తో కొంచెం ఇచ్చాను.

తర్వాత కొలతలు చూసుకుంటూ చేతితో దిద్దాను. మండువా గోడ 88, మండువా గచ్చు అంచు 57, వసారా లోపలి గోడ 46, ఉయ్యాల కింద 9. ఈ నాలుగు అంకెలూ కాగితం మీద రాసి కీబోర్డ్ పక్కన పెట్టుకున్నాను, ఏ మార్పు చేసినా వరస చెడిందేమో చూసుకోవడానికి. ఉయ్యాల కింద 9 అంటే దాదాపు నలుపే. అక్కడ ఒక ఇత్తడి చెంబు ఉంది, దాని అంచు మీద సన్నటి మెరుపు మాత్రం కనిపిస్తుంది. మొదటి ఫొటోలో ఆ చెంబు మీద గీతలు కూడా లెక్కపెట్టొచ్చు. ఈ ఫొటోలో అది చెంబని ఊహించుకోవాలి. నాకు ఇదే బాగుంది.

రంగు విషయానికి చాలా సమయం పట్టింది. పొద్దున పూట మండువాలోకి వచ్చేది నేరుగా ఎండ కాదు, ఆకాశం నుంచి వచ్చే నీలి వెలుగు. అది ఎర్ర గచ్చు మీద పడి పైకి లేచి, వసారా కప్పు అడుగున వాసాలకు గులాబీ చాయ పూస్తుంది. స్తంభానికి మండువా వైపు నీలిగా, లోపలి వైపు వెచ్చగా ఉంటుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ ఈ రెంటినీ కలిపి ఒక్కటి చేసేస్తుంది. నేను 6000 కెల్విన్ దగ్గర ఆగాను. అంటే నీలాన్ని పూర్తిగా తియ్యలేదు, సున్నపు గోడ మీద కొంచెం వదిలేశాను. ఎరుపు, నారింజల శాచురేషన్ (గాఢత) 12 తగ్గించి, ఎరుపు వెలుగును కూడా కాస్త దించాను. గచ్చు తన రంగులోకి వచ్చింది. సరి చూసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. షూట్ రోజున గచ్చు మీద తెల్ల కాగితం పెట్టి ఫోన్‌తో తీసుకున్నాను, పక్కనే నా చెయ్యి కూడా ఉంచి. ఎడిటింగ్‌లో సందేహం వచ్చినప్పుడల్లా ఆ కాగితం, ఆ చెయ్యి పక్కన గచ్చు ఎలా ఉందో చూసుకున్నాను. చర్మం రంగు కన్ను అంత తేలిగ్గా మర్చిపోదు.

తొమ్మిది ఫొటోల్లో బ్రాకెట్ చేసినవి నాలుగే. మిగిలిన ఐదూ ఒక్క రా ఫైల్‌తో అయిపోయాయి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ ఐఎస్ఓ 100 దగ్గర ఎనిమిది తొమ్మిది స్టాపులను హాయిగా మోస్తుంది. కెమెరాలో బ్రాకెటింగ్ ఉంది కదా అని అన్నిటికీ వాడటం అలవాటైపోతే, ప్రతి గదీ ఒకేలా వెలిగిపోతూ ఫ్లాట్ల బ్రోషర్‌లా తయారవుతుంది.

ఎక్కువ ఇబ్బంది పెట్టింది పెద్దగది. అక్కడ పందిరి పట్టె మంచం, వెనక కిటికీ, కిటికీలో కొబ్బరి తోట. ఇంటాయనకు తోట స్పష్టంగా కనబడాలి. "వచ్చేవాళ్ళకి అదే కదండీ కావాల్సింది" అన్నారు, అందులోనూ న్యాయం ఉంది. కానీ కిటికీలోని తోట గదితో సమానమైన వెలుగులో ఉంటే గోడకు తగిలించిన క్యాలెండర్ బొమ్మలా కనిపిస్తుంది. తోటను గదికన్నా ఒకటిన్నర స్టాప్ పైన ఉంచాను. ఆకుల మధ్య వెలుగు కొంచెం తెల్లగా పొంగింది, మట్టలు మాత్రం పచ్చగా తెలుస్తున్నాయి. కిటికీ చెక్క అంచుల మీద బయటి వెలుగు ఒరుసుకుని లోపలికి కాస్త పాకేలా వదిలాను. మాస్క్ అంచు కత్తితో కోసినట్టు ఉంటే ఎంత జాగ్రత్తగా కలిపినా అతికించినట్టే ఉంటుంది.

పంపే ముందు ఒక రోజంతా ఫైళ్ళు తెరవలేదు. మర్నాడు పొద్దున మానిటర్ మీద, ఫోన్‌లో, ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్‌లో చూశాను. ఫోన్‌లో ఎండలో నిలబడి చూస్తే ఉయ్యాల ఫొటో మరీ నల్లగా అనిపించింది. ఎక్కువమంది చూసేది ఫోన్‌లోనే కాబట్టి షాడోస్ ఇంకో ఐదు పెంచి, నాలుగు అంకెల వరస మళ్ళీ సరిచూసుకుని పంపాను.

ఈసారి మామ్మగారే ఫోన్ తీసుకుని మాట్లాడారు. ఉయ్యాల ఉన్న ఫొటో పెద్దది చేయించి గోడకు పెట్టుకోవాలని ఉందన్నారు. పన్నెండు బై పద్దెనిమిది అంగుళాల మ్యాట్ ప్రింట్ వేయించి నేనే తీసుకెళ్ళాను. తగిలించింది ఆ వసారాలోనే, ఉయ్యాలకు ఎదురుగా. మసక వెలుగులో ఆ ప్రింట్ నీడలన్నీ ముద్దగా కలిసిపోయాయి. స్తంభం ఎక్కడ ఆగుతోందో, గోడ ఎక్కడ మొదలవుతోందో తెలియలేదు. స్క్రీన్ తనంతట తాను వెలుగుతుంది, కాగితానికి ఆ గోడ మీద పడే వెలుగే దిక్కు. వెనక్కి వచ్చి ఆ ఒక్క ప్రింట్ కోసం వేరే ఫైలు చేశాను. మొత్తం ముప్పావు స్టాప్ పెంచి, మండువా గోడను మాత్రం ఉన్నచోటే నిలబెట్టాను. రెండోదాన్ని తగిలించాక మామ్మగారు కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, బల్ల కింద వేలు పెట్టి చూపించారు. "ఇది మా అత్తగారి చెంబు."